ఇంటి బీరులో మసాలా టింక్చర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఉంటాను. గ్యారేజీలో ఒక మూల ఫెర్మెంటర్ (బీరు పులియబెట్టే పాత్ర), ఇంకో మూల పాత ఫ్రిజ్, దానిలో కెగ్గులు, అంటే బీరు పీపాలు. శనివారం సాయంత్రం ఎవరైనా తెలుగువాళ్లు ఇంటికి వస్తే ముందు బీరు రుచి చూస్తారు, తర్వాత "ఇందులో యాలకులు ఎలా వేశావు?" అని అడుగుతారు. ఆ తర్వాత వరసగా వచ్చే ప్రశ్నలూ దాదాపు ఎప్పుడూ అవే. అందుకని జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. బీరు చేయడం మీకు ఇప్పటికే వచ్చనుకుని రాస్తున్నాను. ప్రతి లెక్కా 19 లీటర్ల బ్యాచ్‌కి, అంటే ఇక్కడి 5 గ్యాలన్లకి.

టింక్చర్ అంటే దెబ్బలకి రాసే మందే కదా?

మాటైతే అదే. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోతే రాసిన గోధుమరంగు మంట మందు టింక్చర్ అయోడిన్, అంటే ఆల్కహాలులో కరిగించిన అయోడిన్. హోమియో డాక్టరు దగ్గర వినే మదర్ టింక్చర్ కూడా ఆల్కహాలులో మూలికలు నానబెట్టి తీసిందే. మనం చేసేదీ ఆ కోవలోదే. మసాలా దినుసుని వోడ్కా లాంటి మందులో కొన్నాళ్లు నానబెడతాం, దాని వాసన, రుచి అందులోకి దిగాక వడకడతాం. వంటింట్లో వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్ సీసా ఉంటే లేబుల్ చూడండి. అమెరికాలో ఆ పేరు పెట్టాలంటే అందులో కనీసం 35 శాతం ఆల్కహాలు ఉండి తీరాలి. అంటే మీ ఇంట్లో ఒక టింక్చర్ ఎప్పట్నించో ఉంది.

ఇంత తతంగం ఎందుకు? మసాలా నేరుగా బీరులో వేసేస్తే పోదా?

నేనూ మొదట అదే చేశాను. క్రిస్మస్‌కి ముదురు రంగు ఏల్ (ఒక రకం బీరు) ఒకటి చేసి, పులవడం అయ్యాక ఫెర్మెంటర్‌లో పది లవంగాలు, రెండు దాల్చినచెక్క ముక్కలు పడేశాను. వారం రోజుల తర్వాత రుచి చూస్తే పంటినొప్పికి దూదిలో ముంచి పెట్టుకునే లవంగ నూనె! పారబోయడానికి మనసొప్పలేదు, తాగడానికి నోరొప్పలేదు. ఆ 19 లీటర్లూ ఉగాది దాకా ఫ్రిజ్‌లో అలాగే కూర్చున్నాయి.

ఇక్కడ చిక్కేమిటంటే మసాలా వేయగలం గానీ తీయలేం. కూరలో ఉప్పెక్కువైతే బంగాళదుంప ముక్కలు వేసి ఏదో సర్దుకుంటాం. బీరులో ఆ అవకాశం లేదు. పైగా దినుసు దినుసుకీ ఘాటు మారుతుంది. డబ్బాలో రెండేళ్లుగా ఉన్న యాలకులూ, మొన్న ఇండియా నుంచి వచ్చిన వాళ్ల సంచిలో వచ్చిన యాలకులూ ఒకటి కావు. "19 లీటర్లకి పది కాయలు" అని రెసిపీలో రాసిపెట్టినా, ఆ పది ఎవరి పది?

మరుగుతున్న వోర్ట్‌లో, అంటే ఇంకా పులవని తీపి ద్రవంలో వేస్తే ఇంకో నష్టం. వాసననిచ్చే నూనెలు తేలిగ్గా ఆవిరైపోతాయి. వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది, ఆ ఘుమఘుమ బీరులోంచి పోయిందే. మిగిలినదాంట్లోంచి కొంత, పులిసేటప్పుడు పైకి పొంగే కార్బన్ డయాక్సైడ్ పట్టుకుపోతుంది. టింక్చర్ అయితే బీరు పూర్తిగా తయారయ్యాక, ఒక గ్లాసులో కలిపి రుచి చూసుకుని, నచ్చిన పాళ్లలోనే మొత్తానికి పోయవచ్చు. నేను టింక్చర్ వాడేది ఈ ఒక్క సౌకర్యం కోసమే.

కషాయంలా నీళ్లలో కాచి పోస్తే?

పోయవచ్చు, రాదని కాదు. కానీ మసాలా వాసన చాలావరకు నూనెల్లో ఉంటుంది. లవంగంలో యూజినాల్, దాల్చినచెక్కలో సినమాల్డిహైడ్, ధనియాల్లో లినలూల్ లాంటివి. ఇవి నీళ్లలో సరిగ్గా కరగవు, ఆల్కహాలులో బాగా కరుగుతాయి. నీళ్లలో ముందుగా దిగేవి రంగు, చేదు, వగరు. పైగా మిరియాల కషాయం కాచిన గిన్నె దగ్గర నిలబడితే ముక్కు ఎందుకు తెరుచుకుంటుంది? ఆ నూనెలు గాల్లోకి వచ్చేస్తున్నాయి కనుక. జలుబుకి అది మంచిదే, బీరుకి కాదు.

ఏ మందు వాడాలి?

వాసన లేని 40 శాతం వోడ్కా చాలు. ఖరీదైనది అక్కర్లేదు. అలాగని తాగితే గొంతు కోసేంత చవకదీ వద్దు, ఆ మొరటు వాసన కూడా బీరులోకి వస్తుంది.

95 శాతం ఉండే ఎవర్‌క్లియర్ లాంటివి నూనెల్ని ఇంకా త్వరగా లాగుతాయి. దాల్చినచెక్క, లవంగాల వంటి ఎండు దినుసులకి బాగుంటుంది. కొన్ని రాష్ట్రాల్లో ఆ శాతం అమ్మరు, అక్కడ తక్కువ శాతంది దొరుకుతుంది. పచ్చి అల్లం, పచ్చి ఆకులకి మాత్రం నేను వోడ్కానే వాడతాను. గాఢమైన ఆల్కహాలు ఆకులోని పచ్చరంగుని, దానితోపాటు పసరు రుచినీ లాగేస్తుంది. స్టౌట్ అనే ముదురు రంగు బీరుకైతే వోడ్కా బదులు బోర్బన్ విస్కీ వాడి చూడండి. వెనిల్లా, దాల్చినచెక్కలకి బోర్బన్ బాగా కలుస్తుంది.

ఒక హెచ్చరిక. 95 శాతం ఆల్కహాలు పెట్రోలులా అంటుకుంటుంది. స్టవ్ వెలుగుతున్నప్పుడు ఆ సీసా మూత తీయకండి. త్వరగా దిగుతుందని వేడి చేయడం అసలే వద్దు.

ఇంట్లో సర్జికల్ స్పిరిట్ ఉంది, దానితో చేయొచ్చా?

వద్దు. రబ్బింగ్ ఆల్కహాలు, సర్జికల్ స్పిరిట్, పెయింట్ పనికి వాడే స్పిరిట్, ఏదీ వద్దు. వాటిలో ఐసోప్రొపైల్ ఆల్కహాలో, మిథనాలో ఉంటుంది. మిథనాల్ చూపు పోగొడుతుంది, ప్రాణం తీస్తుంది. తాగడానికి అమ్మే మందు తప్ప ఇంకేదీ సీసాలో పడకూడదు.

సరే, ఎలా చేయాలి?

చిన్న గాజు సీసా, మూత గట్టిగా పట్టేది. జామ్ సీసా అయినా సరే, పాత పచ్చడి వాసన లేకుండా ఉండాలి. ప్లాస్టిక్ వద్దు.

ధనియాలతో చెబుతాను. 30 గ్రాముల ధనియాలు రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచండి. ప్రతి గింజా రెండో మూడో ముక్కలైతే చాలు, మెత్తని పొడి అవసరం లేదు. మిక్సీలో వేస్తే ఒక్కసారి తిప్పి ఆపేయండి. సీసాలో వేసి 120 మిల్లీలీటర్ల వోడ్కా పోయండి. గింజలు మునిగి పైన వేలు మందం ద్రవం ఉండాలి. మూతపెట్టి, ఎండ తగలని అలమారలో పెట్టి, రోజుకోసారి ఊపండి. మూడో రోజు నుంచి రుచి చూడండి. నేరుగా నాలుక మీద వేసుకుంటే వోడ్కా మంట తప్ప ఏమీ తెలియదు. పావు గ్లాసు చల్లటి నీళ్లలో కొద్దిగా కలిపి చూడాలి.

దిగిందనిపించాక ముందు పల్చటి బట్టలో, తర్వాత కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టండి. 120 పోస్తే సుమారు 95 చేతికొస్తుంది, మిగతాది ధనియాలు తాగేస్తాయి. బట్టని గట్టిగా పిండొద్దు. ఆ చివరి పిండుడులో వచ్చేది మడ్డి, వగరు.

మసాలాని ముందుగా శుభ్రం చేయాలా అని కూడా అడుగుతారు. వేరే శుభ్రం అక్కర్లేదు, ఆల్కహాలే ఆ పని చేసిపెడుతుంది. వోడ్కాలో ఎండు దినుసు కొన్నాళ్లు నానాక దాని వల్ల బీరు చెడిపోవడం నేను చూడలేదు.

ఏది ఎన్నాళ్లు నానబెట్టాలి?

ఆవకాయ ఊరినట్టు అన్నీ ఒకే లెక్కన ఊరవు. లవంగాలు చాలా తొందర. అరడజను లవంగాలు 60 మిల్లీలీటర్ల వోడ్కాలో ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. తర్వాత వడకట్టాల్సిందే. లేకపోతే ఘాటు వెనకాలే నాలుకని పట్టేసే వగరు వస్తుంది.

యాలకులైతే తొక్కలు తీసేసి గింజలు మాత్రమే నలగ్గొట్టాలి. పది కాయల గింజలకి 60 మిల్లీలీటర్లు, రెండు రోజులు. తొక్కల్లో గడ్డి రుచి తప్ప పెద్దగా ఏమీ లేదు. నల్ల యాలకులు వేరే లోకం. వాటిని నిప్పుల వేడిమీద ఆరబెడతారు కనుక పొగ వాసన ఉంటుంది. పోర్టర్ అనే ముదురు రంగు బీరులో ఒక్క కాయతో చేసిన టింక్చర్ వేసి చూశాను. చలికాలం పొయ్యి దగ్గర కూర్చున్నట్టుంది. అందరికీ నచ్చదు.

దాల్చినచెక్క నాలుగైదు రోజులు. మన కిరాణాల్లో ఆ పేరుతో దొరికేది చాలావరకు కాసియా, మందంగా గరుకుగా ఉండే చెక్క. అది ఘాటు. సిలోన్ చెక్క కాగితం చుట్టల్లా పల్చగా ఉంటుంది, మృదువు. బీరుకి నాకు రెండోదే ఇష్టం. పొడి మాత్రం వేయకండి. దాల్చినచెక్క పొడి తడిస్తే జిగురవుతుంది, ఫిల్టర్ కాగితంలోంచి చుక్క కూడా దిగదు.

మిరియాలు, అనాసపువ్వు రెండు మూడు రోజులు. శొంఠి వారం. పచ్చి అల్లం తురిమితే మూడు రోజులు. వెనిల్లా కాయ ఓపిక పరీక్షిస్తుంది. నిలువునా చీల్చి, లోపలి గింజలు గీకి, తొడుగుతో సహా వేసి కనీసం రెండు మూడు వారాలు ఉంచాలి. కాఫీ గింజలు ఒక్క రోజు, దాటితే చేదు. అరకు కాఫీతో చేస్తే కాస్త ఎక్కువ వేగినవి తీసుకోండి, స్టౌట్‌లో అవే నిలబడతాయి.

నారింజ తొక్క విషయంలో ఒక్కటే నియమం, తెల్ల పొర రాకుండా పైపైన గీకడం. దబ్బకాయ దొరికితే దాని తొక్క ఇంకా బాగుంటుంది. జాజికాయ తక్కువ వేయండి. రుచికే కాదు, ఎక్కువ మోతాదులో అది ఒంటికి విషం. పావు కాయ తురుము ఒక బ్యాచ్ టింక్చర్‌కి చాలు.

కరివేపాకు ప్రయత్నించాను. ఒక రోజులో మంచి వాసన, రెండో రోజు పచ్చి ఆకు నమిలినట్టుంది. ఇంగువ ప్రయత్నించలేదు, మీరూ వద్దు.

గరం మసాలా పొడి ఉంది, అది వాడితే?

అందులో జీలకర్ర ఉంటుంది. బీరులో జీలకర్ర చెమట వాసన కొడుతుంది. తాగుతున్నంతసేపూ బిర్యానీ ఎక్కడా అని వెతుక్కుంటారు.

అన్ని దినుసులూ ఒకే సీసాలో వేయొచ్చా?

విడివిడిగానే చేయండి. లవంగం ఒక రోజులో దిగుతుంది, చెక్కకి నాలుగైదు పడుతుంది. కలిపి పెడితే చెక్క దిగేలోపు లవంగం అందరినీ తొక్కేస్తుంది. విడిగా ఉంటే గ్లాసులో మీకు కావలసినట్టు కలుపుకోవచ్చు. నా అలమారలో ఎప్పుడూ ఐదారు చిన్న సీసాలుంటాయి. వాటితో ఒకే బీరుని ఐదు రకాలుగా రుచి చూడొచ్చు. ఒక ఏడాది విజయవాడ నుంచి వచ్చిన మా అమ్మ ఆ సీసాలు చూసి "ఎవరికి నాన్నా ఈ హోమియో మందులు? ఒంట్లో బాగుండటం లేదా?" అని కంగారుపడింది. బీరు కోసమని చెప్పాక ఆ కంగారు ఇంకో రకంగా మారింది, అది వేరే కథ.

ఎంత పోయాలి?

అసలు పని ఇక్కడుంది. తొందరపడకండి.

ఒకే కొలత గ్లాసులు నాలుగు తీసుకోండి. ఒక్కోదాంట్లో సరిగ్గా 100 మిల్లీలీటర్ల బీరు పోయండి. మొదటి గ్లాసులో ఏమీ కలపకండి. రెండోదాంట్లో 0.2 మిల్లీలీటర్లు, మూడోదాంట్లో 0.4, నాలుగోదాంట్లో 0.6 టింక్చర్. కొలవడానికి చంటిపిల్లలకి మందు పోసే సూదిలేని 1 మిల్లీలీటర్ సిరంజి చాలు, ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది. తేలిగ్గా కలిపి, తక్కువ వేసిన దాన్నుంచి ఎక్కువ వేసిన దానివైపు రుచి చూడండి. అటునుంచి మొదలుపెడితే నాలుక మొద్దుబారి తక్కువదాంట్లో ఏమీ తెలియదు.

ఇప్పుడు లెక్క. 19 లీటర్లంటే 100 మిల్లీలీటర్ల గ్లాసులు 190. మీకు 0.4 నచ్చితే 0.4 ఇంటూ 190, అంటే 76 మిల్లీలీటర్లు. లవంగం లాంటి ఘాటైన దానికి 0.1 నచ్చవచ్చు, అప్పుడు 19 మిల్లీలీటర్లే. లవంగానికి నేను గ్లాసులని 0.05 నుంచి మొదలుపెడతాను.

అయితే ఆ 76 ఒక్కసారి పోయకండి. ముందు 60 పోసి, కలిపి, మళ్లీ రుచి చూడండి. గ్లాసు కొలతలో చిన్న పొరపాటు జరిగినా అది 190 రెట్లవుతుంది కదా. చాలాసార్లు నేను 60 దగ్గరే ఆగిపోతాను. ఒక గుక్కకి సరిగ్గా ఉన్న మసాలా, నిండు గ్లాసు తాగేసరికి ఎక్కువనిపిస్తుంది. గ్లాసుల మధ్య ఊగిసలాడుతుంటే తక్కువవైపే వెళ్లండి. నా లెక్కలో తాగినవాళ్లు "ఏదో ఉంది, ఏంటది?" అని అడగాలి. మొదటి గుక్కకే "ఓ, దాల్చినచెక్క!" అన్నారంటే ఎక్కువైనట్టే. ఈ మాటతో గొడవపడే స్నేహితులు నాకున్నారు, వాళ్ల బీర్లు మిఠాయి కొట్టులా ఉంటాయి.

ఇంకో సంగతి. రుచి చూసే బీరు, మీరు తాగే చలువలోనే ఉండాలి. ఫెర్మెంటర్ నుంచి తీసిన గ్యాసులేని గోరువెచ్చటి బీరులో వాసన ఒకలా, చల్లగా గ్యాసుతో ఉన్నప్పుడు ఇంకోలా ఉంటుంది. కెగ్ ఉన్నవాళ్లకి సులువు, గ్యాసెక్కాకే పరీక్ష పెట్టవచ్చు. సీసాల్లో నింపేవాళ్లు అదే రకం బీరు ఒకటి షాపులో కొని దానిలో కలిపి చూడండి.

సిరంజి ఎందుకు, చుక్కలు లెక్కపెడితే?

ఆల్కహాలు చుక్క నీటి చుక్క కన్నా చిన్నది. డ్రాపర్ని బట్టి కూడా మారుతుంది. గ్లాసులో డ్రాపరుతో లెక్కపెట్టి, బ్యాచ్‌లో గరిటెతో పోస్తే రెంటికీ పొంతన ఉండదు.

బీరులో ఎప్పుడు కలపాలి? ఇంత ఆల్కహాలు పడితే ఈస్ట్ చచ్చిపోదా?

పులవడం పూర్తయ్యాక, సీసాల్లోకో కెగ్‌లోకో ఎక్కించే రోజున. సీసాల్లో నింపేవాళ్లయితే బాటిలింగ్ బకెట్‌లో ప్రైమింగ్ షుగర్ (సీసాలో గ్యాసెక్కడానికి వేసే పంచదార) పాకంతోపాటు టింక్చర్ పోసి, పైన బీరు దించండి. దిగే బీరు దానంతటదే కలుపుతుంది. గరగరా కలియబెట్టి గాలి ఎక్కించకండి.

ఈస్ట్‌కి ఏమీ కాదు. 76 మిల్లీలీటర్ల వోడ్కా 19 లీటర్లలో కలిస్తే 5 శాతం బీరు సుమారు 5.14 శాతం అవుతుంది. ఈస్ట్‌కీ తెలియదు, తాగినవాళ్లకీ తెలియదు. సీసాల్లో గ్యాసు మామూలుగానే ఎక్కుతుంది.

నురగ నిలవడం లేదు. టింక్చర్ వల్లేనా?

కావచ్చు. నూనె, కొవ్వు నురగకి శత్రువులు. మామూలు మసాలాలు ఈ మోతాదులో పెద్దగా ఇబ్బంది పెట్టవు. కోకో గింజలు, కొబ్బరి, జీడిపప్పు లాంటివి నానబెడితే మాత్రం కొవ్వు దిగుతుంది. వడకట్టాక ఆ సీసాని ఒక రాత్రి ఫ్రీజర్‌లో నిలబెట్టండి. 40 శాతం వోడ్కా ఇంటి ఫ్రీజర్ చలికి గడ్డకట్టదు, కొవ్వు మాత్రం పైన తెట్టులా పేరుకుంటుంది. మళ్లీ ఒకసారి వడకడితే పోతుంది. అప్పటికీ నురగ లేకపోతే గ్లాసు సబ్బు జిడ్డు చూసుకోండి, సగం సార్లు తప్పు దానిదే.

ఏ బీరుకి ఏ మసాలా?

మొదటి బ్యాచ్‌కైతే బెల్జియం గోధుమ బీరు, విట్‌బియర్. అందులో ధనియాలు, నారింజ తొక్క పూర్వం నుంచీ ఉన్నవే. బెల్జియంలోని హూగార్డెన్ ఊళ్లో ఈ రకం బీరు అంతరించిపోయాక, పాలు పోసుకునే పియెర్ సెలిస్ అనే ఆయన 1966లో దాన్ని మళ్లీ కాయడం మొదలుపెట్టాడు. తర్వాత ఆయన అమెరికా వచ్చి 1992లో బ్రూవరీ తెరిచింది మా ఆస్టిన్‌లోనే. చారులో వేసే ధనియాలు బీరులో వేయడమేమిటని మొదట నవ్వినవాళ్లకి నేను ఈ కథ చెబుతాను. కిరాణాలో మన ధనియాలు కోలగా, లేతరంగులో ఉన్నవి ఎంచుకోండి, నిమ్మవాసన వాటిలో ఎక్కువ.

స్టౌట్‌కి యాలకులు, కాఫీ, వెనిల్లా. సెజాన్ అనే బెల్జియం బీరుకి మిరియాలు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో కాఫీ తోటల నీడచెట్లకి పాకించే మిరియాలు ఎవరైనా తెచ్చిపెడితే వాటితో చేయండి. గుమ్మడికాయ ఏల్‌కి చెక్క, శొంఠి, జాజికాయ, కొద్దిగా లవంగం.

జర్మన్ హెఫెవైజెన్‌కి లవంగం పోయకండి. ఆ బీరులో ఇప్పటికే లవంగం వాసన ఉంటుంది, అదీ లవంగం లేకుండానే. ఆ ఈస్ట్ తయారుచేసే 4-వినైల్ గ్వయకాల్ అనే పదార్థం వాసన అది. బవేరియాలో 1516లో వచ్చిన బీరు నియమంలో బార్లీ, హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు), నీళ్లు తప్ప ఏమీ వేయకూడదన్నారు. మసాలా లేకుండా మసాలా వాసన తెప్పించిన ఘనత వాళ్లది. హాప్స్ వాడకం పెరగకముందు యూరప్‌లో చాలాచోట్ల గ్రూట్ అనే మూలికల మిశ్రమంతోనే బీరు కాచేవారు, అంటే మనం చేస్తున్నది కొత్తేమీ కాదు.

హాప్స్ ఎక్కువ పడే ఐపీఏ బీరు జోలికి నేను వెళ్లను. హాప్స్ చేదుతో దాల్చినచెక్క కొట్లాడుతుంది. ధనియాలు ఒక్కటే కాస్త సర్దుకుంటాయి, వాటి లినలూల్ హాప్స్‌లోనూ ఉంటుంది కనుక.

గుంటూరు మిరపకాయతో కారం బీరు చేయొచ్చా?

చేయొచ్చు, జాగ్రత్తగా. ఎండుమిరపకాయలు రెండు, మధ్యలో ఉన్న తెల్ల ఈనె, గింజలు తీసేసి 60 మిల్లీలీటర్ల వోడ్కాలో వేయండి. కారం ముఖ్యంగా ఉండేది గింజల్లో కాదు, ఆ తెల్ల ఈనెలోనే. పన్నెండు గంటలకోసారి రుచి చూడండి, ఒక రోజులో అయిపోతుంది. మిరపకాయని ముందు పొడి పెనం మీద కాస్త వేయిస్తే వాసన వస్తుంది. కారానికి సొంతంగా వాసన లేదు, వేయించకపోతే మంట తప్ప ఏమీ మిగలదు.

గ్లాసు పరీక్షలో ప్రతి గుక్కకీ ఐదు నిమిషాలు ఆగండి. కారం ఆలస్యంగా ఎక్కుతుంది. కొలత మన నాలుకకి కాకుండా తాగబోయేవాళ్ల నాలుకకి సరిపోవాలి. మా ఆఫీసు పార్టీకి పట్టుకెళ్లిన చాకొలెట్ మిరప స్టౌట్ నాకు చప్పగా అనిపించింది. నా పక్కన నిలబడ్డ ఒహాయో మనిషి రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. నీళ్లతో కారం పోదని అప్పుడు చెప్పబుద్ధి కాలేదు.

ఎంతకాలం నిల్వ ఉంటుంది?

రంగు సీసాలో, చీకట్లో పెడితే ఏడాది నిక్షేపంలా ఉంటుంది. చెడిపోదు గానీ నారింజ తొక్క లాంటి వాటి వాసన ముందు తగ్గుతుంది. సీసా మీద పేరు, తారీఖు, ఎంత దినుసుకి ఎంత మందు పోశారో రాసి అంటించండి. నెల తర్వాత గోధుమరంగు నీళ్లన్నీ ఒకలాగే ఉంటాయి. పిల్లలకి అందని చోట పెట్టడం మర్చిపోవద్దు.

అసలు ఇదంతా చట్టబద్ధమేనా?

అమెరికాలో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరులో సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకన్నా ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్ల బీరు పన్ను లేకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదు. రాష్ట్రాల అనుమతి వేరు, మిసిసిపీ, అలబామా 2013లో గానీ ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో ఇంటి బీరుకి లైసెన్సు అక్కర్లేదని 1963లోనే తేల్చేశారు.

టింక్చర్ కోసం సారా బట్టీ ఏదీ పెట్టడం లేదు, కొన్న మందులో దినుసు నానబెడుతున్నాం అంతే. ఇంట్లో సారా కాయడం వేరే సంగతి, దానికీ దీనికీ సంబంధం లేదు.

హైదరాబాద్, విజయవాడ నుంచి అడిగేవాళ్లకి మాత్రం నా జవాబు నిరాశపరుస్తుంది. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా బీరు కాయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. టింక్చర్ సంగతి తెలుసుకోవాలని సరదా ఉంటే, కొన్న గోధుమ బీరు గ్లాసులో ధనియాల టింక్చర్ కలిపి చూడండి. పైన చెప్పిన నాలుగు గ్లాసుల పరీక్ష దానితోనూ పనిచేస్తుంది.

ఎక్కువైపోయింది. ఏం చేయను?

ముందు ఏమీ చేయకండి. రెండు మూడు నెలలు చల్లగా పెట్టండి. నారింజ, ధనియాలు, యాలకులు కాలంతో మెత్తబడతాయి. లవంగం, కారం మొండివి, ఆగినా పెద్దగా తగ్గవు.

అప్పటికీ తాగలేకపోతే అదే బీరుని మసాలా లేకుండా ఇంకో బ్యాచ్ చేసి రెండూ కలపడమే మార్గం. నా లవంగాల ఏల్‌ని చివరికి అలాగే వదిలించుకున్నాను. సగానికి సగం కలిపితే సరిపోలేదు, ఒకపాలుకి మూడు పాళ్లు కలపాల్సి వచ్చింది. 19 లీటర్ల తప్పు 76 లీటర్ల బీరయింది. ఆ ఏడాది మా వీధిలో అందరికీ క్రిస్మస్ కానుక అదే.

వడకట్టాక మిగిలిన పిప్పి?

వెనిల్లా కాయలు ఆరబెట్టి పంచదార డబ్బాలో వేసుకోండి, కాఫీలోకి బాగుంటుంది. మిగతావి చెత్తబుట్టకే. ధనియాల పిప్పి చూస్తే చారులో వేద్దామనిపిస్తుంది, నాకూ అనిపించి ఒకసారి పోపులో వేశాను. మందు తడి ఉంది కదా, భగ్గున మంట లేచింది. కనుబొమలు మళ్లీ రావడానికి రెండు నెలలు పట్టింది.